మంచు ముందా, వాగు ముందా?

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో కిల్లింగ్టన్ కొండ ఎత్తు సుమారు 1,290 మీటర్లు. అక్కడ స్కీయింగ్ 1958లో మొదలైంది. చలికాలమంతా జనం ఆ కొండ మీది మంచులో జారతారు. ఆ మంచు నిలిచేదీ లేనిదీ తేల్చేది మాత్రం వేసవిలో జరిగే పని. పాత మంచు కరిగిన నాటి నుంచి తొలి చలి పడేదాకా గొట్టాలు మారతాయి, లిఫ్టు స్తంభాలు లేస్తాయి, వాలులు చదునవుతాయి. ఆ పని ఎంతవరకు న్యాయమన్న దాని మీద ఇద్దరి మధ్య సాగిన వాదం ఇది. సుధ న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు స్కీ కొండలకు పంపులు, పైపులైన్లు డిజైన్ చేసే ఇంజినీరు. ఆమె మేనమామ గోదావరి డెల్టాలో నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మేనకోడలి ఇంటికి వచ్చి, సెప్టెంబరులో ఆమెతో కొండ చూశారు.

మావయ్య: కొండంతా తవ్విపోశారు కదమ్మా! చలికాలం గుమ్మంలోకి వచ్చాక ఇంత హడావుడి ఏమిటి?

సుధ: ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు మావయ్యా? నేల గడ్డకట్టాక కాంక్రీటు పోయలేం, గొట్టం పూడ్చలేం. మే నుంచి అక్టోబరు దాకానే మాకు చెయ్యి ఆడేది. దారిలేని చోటికి లిఫ్టు స్తంభాల్ని హెలికాప్టర్లో మోసుకెళ్ళి దించుతారు. ఉక్కు తాడు చివరల్ని పేటలు విప్పి, ఒకదానిలోకి ఒకటి అల్లి కలుపుతారు. కుర్చీలను తాడుకు పట్టి ఉంచే పట్టీల్లో కంటికి కనపడని పగుళ్ళున్నాయేమో పరీక్షిస్తారు. జనం ఎక్కే ముందు మనుషులంత బరువు పెట్టి లిఫ్టును నడిపి, ఆపి చూస్తారు.

మావయ్య: అది నాకు కొత్త కాదు. మా డెల్టాలోనూ వేసవిలో కాలువలు కట్టేశాకే పూడికతీత, లాకుల మరమ్మతు. మళ్ళీ నీళ్ళు వదిలేలోగా అన్నీ ముగించాలి. పని ఎప్పుడు చేస్తున్నారని కాదు, ఎందుకు చేస్తున్నారని నేనడిగేది. పాతదాన్ని నిలబెట్టడానికా, ఆయకట్టు పెంచడానికా?

సుధ: ముందు నిలబెట్టడానికే. న్యూ ఇంగ్లండ్‌లో మూతబడిన స్కీ కొండలు వందల్లో ఉన్నాయి. ఊరివాళ్ళు పాత ట్రక్కు ఇంజనుకు తాడు కట్టి నడిపినవి, ఒక్క లిఫ్టుతో బతికినవి. మంచు పడని చలికాలాలు వరసగా వచ్చేసరికి మంచు తయారుచేసుకునే స్తోమత లేనివి చాలావరకు పోయాయి. కొండ మూతపడితే హోటలూ, పెట్రోలు బంకూ, బడిలో పిల్లల సంఖ్యా దానితోపాటే పడిపోతాయి. ఈ మంచు సరదా కోసమేనని కొట్టిపారేయడం తేలిక. ఇక్కడి కుటుంబాలకు అది జీతం.

మావయ్య: జీతం మాట కాదనను. అసలు మంచును ఎలా తయారుచేస్తారో చెప్పు.

సుధ: 1950లో కనెక్టికట్‌లో వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ అనే ముగ్గురు రంగులు చల్లే కంప్రెసర్‌కు నాజిల్, తోటకు నీళ్ళుపెట్టే గొట్టం తగిలించి మొదటి స్నో గన్ చేశారు. 1954లో పేటెంటు వచ్చింది. సూత్రం ఇప్పటికీ అదే. ఒత్తిడితో ఉన్న గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే చల్లబడుతుంది. ఆ చలికి అతి సన్నని తుంపరలు గడ్డకట్టి గింజల్లా తయారవుతాయి. మిగతా నీటి బొట్టులు ఆ గింజలను పట్టుకుని నేలకు చేరేలోగా మంచవుతాయి. గాలి పొడిగా ఉంటే బొట్టు పైనుంచి కొంత నీరు ఆవిరై మిగతాదాన్ని ఇంకా చల్లబరుస్తుంది. అందుకే మేం మామూలు థర్మామీటరు చూడం, తడి బల్బు ఉష్ణోగ్రత చూస్తాం. అది మైనస్ 2 డిగ్రీల దరిదాపులకు దిగితేనే గన్ తెరుస్తాం.

మావయ్య: 1980లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌కు కృత్రిమ మంచు వాడారని చదివాను.

సుధ: శీతాకాల ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. 2022లో బీజింగ్ వచ్చేసరికి పోటీలు దాదాపు పూర్తిగా తయారుచేసిన మంచు మీదే జరిగాయి. నలభై రెండేళ్ళలో అవసరానికి వాడిన సాధనం పునాది అయిపోయింది.

మావయ్య: ఆ పునాదికి నీళ్ళెన్ని?

సుధ: హెక్టారు వాలు మీద 30 సెంటీమీటర్ల మందాన మంచు వేయాలంటే పది లక్షల లీటర్లు దాటుతాయి. గన్‌లోంచి వచ్చే మంచు ఆకాశం నుంచి పడే మంచుకన్నా చాలా బరువు, చాలా గట్టి. అయితే ఈ నీటిలో ఎక్కువ భాగం కొండను వదిలిపోదు. కొంత ఆవిరవుతుంది, మిగతాది వసంతంలో కరిగి అదే వాగులోకి చేరుతుంది. పొలానికి పెట్టిన నీరు పైరులోంచి గాలిలోకి పోతుంది. మా నీరు కొండ మీద కొన్నాళ్ళు నిలవుండి తిరిగి వస్తుంది.

మావయ్య: ఎప్పుడు వస్తుంది? ఏప్రిల్‌లో, వాగు పొంగుతున్నప్పుడు. ఎప్పుడు తీశారు? నవంబరు నుంచి జనవరి దాకా, వాగు సన్నగా పారుతున్నప్పుడు. నీటివాడికి ఏడాది మొత్తం లెక్కతో పని లేదమ్మా. సెప్టెంబరులో ఎండిన చేనుకు నవంబరులో నీళ్ళిచ్చి లెక్క సరిపోయిందంటే శివారు రైతు ఒప్పుకుంటాడా? ఇక్కడ మీ వాగుకు శివారున ఎవరున్నారు?

సుధ: బ్రూక్ ట్రౌట్ చేపలున్నాయి. శరదృతువులో గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడతాయి, అవి చలికాలమంతా అక్కడే ఉంటాయి. నీటిమట్టం పడిపోతే గులకలోకి మంచుగడ్డ దిగి గుడ్లు చస్తాయి. అందుకే 1996లో వెర్మాంట్ ప్రత్యేకంగా స్నోమేకింగ్ నీటికే నిబంధనలు పెట్టింది. ఫిబ్రవరి నెలలో వాగులో మామూలుగా ఉండే ప్రవాహాన్ని, అంటే మధ్యస్థ ప్రవాహాన్ని కొలమానంగా తీసుకుంది. ప్రవాహం ఆ గీత కిందికి వెళ్ళేలా తోడకూడదన్నది దాని ఉద్దేశం. కొండలు చెరువులు తవ్వుకున్నదీ, దూరపు జలాశయాల నుంచి గొట్టాలు వేసుకున్నదీ ఆ గీత వల్లే. కిల్లింగ్టన్ వుడ్‌వర్డ్ రిజర్వాయరు నుంచి నీళ్ళు తెచ్చుకుంటుంది. వాన బాగా ఉన్నప్పుడు నింపుకుని, చలిలో తోడుకుంటాం.

మావయ్య: అది మంచి చట్టం. వాగు వాటా ముందు పక్కన పెట్టి, మిగిలిందే మనకన్న చట్టం ఏ దేశంలో ఉన్నా దండం పెడతాను. కానీ చెరువు కూడా ఎక్కడో ఒకచోట తవ్వాలి కదా! ఫ్రాన్స్‌లో లా క్లూసాజ్ అనే ఆల్ప్స్ ఊరు ఐదో నిల్వ చెరువు తవ్వుతానంది. కొందరు అడవిలో మకాం వేసి అడ్డుకున్నారు. 2022 అక్టోబరులో కోర్టు ఆ అనుమతిని నిలిపేసింది. వాగు దగ్గర తప్పిన గొడవ కొండపై తేమనేలల దగ్గర మొదలైంది.

సుధ: ప్రతి చెరువూ అలాంటి చోటే తవ్వరు మావయ్యా. స్థలం ఎంపికలో తప్పు జరిగితే ఆ తప్పును ఆపాలి, చెరువు అన్న ఆలోచనను కాదు. చెరువు లేకపోతే అదే నీటిని గడ్డకట్టే రాత్రి వాగులోంచే లాగాలి.

మావయ్య: సరే. కరెంటు మాటేమిటి?

సుధ: అక్కడే మేం ఎక్కువ మెరుగుపడ్డాం. ఖర్చు నీటికన్నా గాలిని ఒత్తడానికే ఎక్కువ పోతుంది. పాత గన్లు గాలిని తెగ తాగేవి. కొత్తవాటి నాజిల్ ఎత్తైన కడ్డీ చివర ఉంటుంది. బొట్టు ఎక్కువసేపు గాలిలో ప్రయాణించి తనంతట తనే గడ్డకడుతుంది కాబట్టి ఒత్తిడి గాలి అవసరం బాగా తగ్గుతుంది. 2014లో ఎఫిషియన్సీ వెర్మాంట్ అనే ఇంధన పొదుపు సంస్థ రాయితీలిచ్చి, రాష్ట్రంలోని కొండల నుంచి పాత గన్లను తీయించి వేల సంఖ్యలో కొత్తవి పెట్టించింది. అంతే మంచు, ముందు వాడినదానిలో కొంత కరెంటుతోనే.

మావయ్య: ఇప్పుడు అసలు ప్రశ్న. మిగిలిన కరెంటు, మిగిలిన నీరు ఎక్కడికి పోయాయి?

సుధ: అంటే?

మావయ్య: మట్టి కాలువకు సిమెంటు లైనింగ్ వేస్తే ఇంకిపోయే నీరు మిగులుతుంది. ఆ నీరు శివారుకు చేరుతుందని చెప్పే పని మొదలుపెడతాం. తీరా చూస్తే, మిగిలింది కదా అని ఎగువనే ఆయకట్టు పెంచుతారు. శివారు రైతు ఎప్పటిలాగే ఆకాశం కేసి చూస్తుంటాడు. పొదుపు అబద్ధం కాదు, పొదుపు జరిగింది. అది ఎవరికి చెందాలో ముందుగా రాసుకోకపోవడమే తప్పు. మీ గన్లు పొదుపు చేశాయి. ఆ పొదుపుతో సీజను ముందుకు జరిపారా, కొత్త వాలులకు గొట్టాలు వేశారా, వాగుకు వదిలారా?

సుధ: నిజం చెప్పాలంటే, చాలాచోట్ల మొదటి రెండూ జరిగాయి. కానీ దాన్ని ఆశ అనకండి. గన్లు నడపడానికి చలి దొరికే గంటలు తగ్గుతున్నాయి. ఒకప్పుడు నవంబరులో వరసగా వారం రోజులు గన్లు నడిపే చలి ఉండేది. ఇప్పుడు రెండు రాత్రులు చలి పడుతుంది, మూడో రోజు వాన. వారంలో వేసే మంచును రెండు రాత్రుల్లో వేయాలంటే పంపు పెద్దదవాలి, గొట్టం లావవాలి, గన్లు ఎక్కువుండాలి. వాలు వాలునా సెన్సార్లుండి, చలి పడిన నిమిషాల్లో అన్నీ వాటంతటవే తెరుచుకోవాలి. పంపు సామర్థ్యం రెట్టింపయిందంటే నీటి వాడకం రెట్టింపయిందని కాదు. అదే నీటిని తక్కువ గంటల్లో తోడుతున్నాం.

మావయ్య: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. పంపు పెద్దదైనంత మాత్రాన దురాశ అనకూడదు. కానీ ఆ పెద్ద పంపు మంచి చలి ఉన్న ఏడాది ఏం చేస్తుందో కూడా చెప్పాలి. అప్పుడు గంటలూ ఎక్కువే, సామర్థ్యమూ ఎక్కువే. దాన్ని ఆపేది చట్టమా, మీ మనసా?

సుధ: చట్టం, ఖర్చు రెండూ. సీజను మధ్యలో చాలినంత మంచు పడ్డాక గన్ నడపడం ఎవరికీ లాభం కాదు.

మావయ్య: లిఫ్టుల సంగతి చెప్పు. అదిగో, కొత్తగా మెరుస్తోంది.

సుధ: 1936లో ఐడహోలోని సన్ వ్యాలీలో జిమ్ కర్రన్ అనే రైల్వే ఇంజినీరు ప్రపంచంలో మొదటి చైర్‌లిఫ్టు రూపొందించాడు. అరటి గెలలను ఓడలోకి ఎక్కించే కొక్కేల కన్వేయరును చూసి, కొక్కేనికి బదులు కుర్చీ పెట్టాడు. ఇప్పటి కొత్త లిఫ్టుల్లో కుర్చీ స్టేషనులోకి రాగానే తాడును వదిలేస్తుంది. మనం కూర్చునేంతసేపూ నెమ్మదిగా కదిలి, మళ్ళీ తాడును పట్టుకుని సెకనుకు 5 మీటర్ల వేగంతో పైకి పోతుంది. కిల్లింగ్టన్‌లో 1980ల నాటి సూపర్‌స్టార్ లిఫ్టును 2025లో తీసేసి, ఆరుగురు కూర్చునేది పెట్టారు. 2016 నుంచి అక్కడ జరుగుతున్న మహిళల ప్రపంచ కప్ పోటీని ఆ పని కోసమే ఆ ఏడాది వదులుకున్నారు. ముసలిదైన లిఫ్టును మార్చడానికి నేనెవరి అనుమతీ అడగను మావయ్యా. గాలిలో మనుషులు వేలాడుతుంటారు.

మావయ్య: అందులో వాదం లేదు. లాకు తలుపు తుప్పుపడితే మారుస్తాం. కానీ వేగం పెరిగితే ఎక్కే జనమూ పెరుగుతారు కదా?

సుధ: అందరూ అలాగే అనుకుంటారు. గంటకు ఎందరు ఎక్కుతారన్నది వేగాన్ని బట్టి ఉండదు, కుర్చీకీ కుర్చీకీ మధ్య ఎన్ని సెకన్లున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. నలుగురు కూర్చునే కుర్చీ ఆరు సెకన్లకొకటి వస్తే, నెమ్మది లిఫ్టయినా వేగం లిఫ్టయినా గంటకు 2,400 మందే. మారేది గాలిలో కూర్చున్న సమయం. అది సగమవుతుంది.

మావయ్య: అప్పుడు గాలిలో ఉండాల్సిన జనం వాలు మీద ఉంటారు. వాలు మీద మంచు ఎక్కువగా గీసుకుపోతుంది. దాన్ని పూడ్చడానికి ఇంకా మంచు కావాలి. రద్దీ అని వాలును వెడల్పు చేస్తారు. వెడల్పయిన వాలుకు ఇంకా గన్లు కావాలి. ఒక మరమ్మతు ఇంకో మరమ్మతును పిలుస్తోంది. లిఫ్టు ఒక్కదానికే అనుమతిచ్చి కూర్చుంటే సరిపోదు, ఆ గొలుసంతా లెక్కలో ఉండాలి.

సుధ: ఆ గొలుసును మేమూ గీస్తాం. లిఫ్టు సామర్థ్యం, వాలు మోసే జనం, మంచు, పార్కింగు అన్నీ ఒకే పట్టికలో ఉంటాయి. 1970లో వచ్చిన ఆక్ట్ 250 అనే భూవినియోగ చట్టం కింద పెద్ద పనులకు ఆ లెక్కలు చూపించాలి.

మావయ్య: వాలుల మాట వస్తే మాత్రం నేను తగ్గను. రాళ్ళు తీసి, నేల చెక్కి, పచ్చికబయలు చేస్తున్నారు.

సుధ: దానికీ కారణముంది. రాళ్ళూ మొద్దులూ ఉన్న వాలును తెరవాలంటే అవి మునిగేదాకా మంచు వేయాలి. చదునైన గడ్డివాలుకు అందులో సగం చాలు. వేసవిలో ఒకసారి చదును చేస్తే ప్రతి ఏడాదీ లక్షల లీటర్లు మిగులుతాయి. మీరడిగిన నీటి పొదుపు ఇదే!

మావయ్య: నీరు మిగిల్చి మన్ను పోగొట్టుకోవడం పొదుపా? చెట్లు, పొదలు కొట్టి నేలను అలాగే వదిలిన వాలులకూ, బుల్డోజరుతో చెక్కిన వాలులకూ తేడాను బర్ట్, రైస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాలిఫోర్నియా సియెరా కొండల్లో కొలిచారు. ఆ పరిశోధన 2009లో వచ్చింది. కొట్టి వదిలిన వాలుల్లో నేల చాలావరకు అడవి నేలలాగే ఉంది. చెక్కిన వాలుల్లో పైమన్ను పోయింది, దానితోపాటు మొక్కల తీరూ మారిపోయింది. పైమన్ను తయారవడానికి పట్టే కాలం నీ లిఫ్టు తాతలకు కూడా లేదు. ఇంకోటి, మీ వెర్మాంట్‌లోనే మాన్స్‌ఫీల్డ్ పర్వతం మీద పక్కపక్కనే ఉన్న రెండు వాగులను 2000 నుంచి కొలుస్తున్నారు. ఒకటి పూర్తిగా అడవిలో, ఇంకోటి స్కీ కొండలో. స్కీ కొండ వైపు వాగులో నీటి రాబడి ఎక్కువ. చెట్లు లేని నేల నీటిని పట్టి ఉంచలేదు. 2011 ఆగస్టులో ఐరీన్ తుఫాను వచ్చినప్పుడు కిల్లింగ్టన్ ఊరికి దారులే లేకుండా పోయాయి కదా!

సుధ: ఐరీన్ అడవి లోయలను కూడా చీల్చేసింది. ఆ వరదను స్కీ వాలుల మీదికి నెట్టడం అన్యాయం. కానీ నేలను చెక్కడం మీద మీ మాట నేను కాదనలేను. మా పనిలో కూడా ఇప్పుడు రాయి ఉన్నచోటే రాయి తీసి, పైమన్నును పక్కన కుప్పేసి మళ్ళీ పరుస్తున్న చోట్లున్నాయి. వాలుకు అడ్డంగా ఏటవాలు కాలువలు తీసి వాననీటిని అడవిలోకి మళ్ళిస్తాం. గడ్డి విత్తి, పైన ఎండుగడ్డి పరుస్తాం. అంతటా అలా చేస్తున్నారని మాత్రం చెప్పలేను.

మావయ్య: శిఖరం దగ్గరి పొట్టి దేవదారు అడవి సంగతి? బిక్‌నెల్స్ థ్రష్ అనే పిట్ట అక్కడే గూడు కడుతుందని నువ్వే చెప్పావు. శీతాకాలం కరీబియన్ దీవుల్లో గడిపి, ఇంత దూరం ఎగిరి వచ్చి, కొండకొమ్మునున్న ఆ సన్నని పట్టీలో పిల్లల్ని కంటుంది. మీకు పని కాలం వేసవి. దానికి సంసార కాలమూ వేసవే.

సుధ: అందుకే గూళ్ళు కట్టే నెలల్లో ఆ ఎత్తులో చెట్లు కొట్టకూడదన్న షరతులు పెడతారు.

మావయ్య: ఈ నెల కొట్టకుండా వచ్చే నెల కొడితే, మరుసటేడు వచ్చి ఎక్కడ వాలుతుంది? సరే, చివరికి ఇది చెప్పు. ఇంత పెట్టుబడికి ఆయుష్షెంత?

సుధ: లిఫ్టు ముప్ఫై, నలభై ఏళ్ళు పనిచేస్తుంది. గొట్టం కూడా అంతే.

మావయ్య: ఇక్కడి మంచుకు?

సుధ: 2021 నాటి వెర్మాంట్ వాతావరణ అంచనా ప్రకారం, కృత్రిమ మంచు సాయంతో ఇక్కడ స్కీయింగ్ 2050 దాకా చాలావరకు నిలుస్తుంది. ఉద్గారాలు తగ్గితే 2080 నాటికి సీజను రెండు వారాలు తగ్గుతుంది, తగ్గకపోతే నెల. యూరప్‌లో 2,234 స్కీ కేంద్రాలను పరిశీలించిన అధ్యయనం 2023లో వచ్చింది. భూతాపం 2 డిగ్రీలు పెరిగితే 53 శాతం కేంద్రాలకు మంచు కొరత ముప్పు చాలా ఎక్కువ. వాలుల్లో సగానికి మంచు తయారుచేసి వేసుకుంటే ఆ లెక్క 27 శాతానికి దిగుతుంది. సగానికి సగం మావయ్యా! మా పని వల్ల నిలిచే ఊళ్ళు అవి.

మావయ్య: 4 డిగ్రీలైతే?

సుధ: 98 శాతం. మంచు వేసుకున్నా 71.

మావయ్య: అంటే మీ యంత్రం గడువు ఇస్తుంది, విడుదల ఇవ్వదు. గడువును తప్పుపట్టను. గడువులో ఏం చేశారన్నదే నా బాధ. ఫ్రాన్స్‌లో మెతాబియెఫ్ అనే ఊరు స్కీయింగ్ నుంచి మెల్లగా బయటపడే దారి ఇప్పటి నుంచే వేసుకుంటోందట.

సుధ: ఇక్కడా ఆ ఆలోచన ఉంది. లిఫ్టుకు మంచే అక్కర్లేదు. వేసవిలో సైకిళ్ళను మోస్తుంది, అక్టోబరులో ఎర్రబడిన ఆకులు చూసేవాళ్ళను మోస్తుంది. రాష్ట్రం ఉత్తర భాగంలోని క్రాఫ్ట్స్‌బరీలో ఇంకో ప్రయోగం జరిగింది. 2018లో 9,300 ఘనపు మీటర్ల మంచును గుట్టగా పోసి, చెక్క పేళ్ళు కప్పి వేసవంతా ఉంచారు. సుమారు 60 శాతం మిగిలింది. గన్లు నడిపే చలి కోసం ఎదురుచూడకుండా దాన్నే పరిచి సీజను మొదలుపెట్టవచ్చు.

మావయ్య: ఈ న్యూ ఇంగ్లండ్‌కు ఆ విద్య పాతదే. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి చెరువుల మీద కోసిన మంచుగడ్డల్ని రంపపు పొట్టులో పెట్టి ఓడల్లో కలకత్తాకూ, మన మద్రాసుకూ పంపారు. మద్రాసు సముద్రపొడ్డున దాని కోసం కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. పొట్టు కింద దాచుకునే మంచుకు నేను అడ్డుపడను సుధా. నాకు మూడే షరతులు. ఏ రోజు ఎంత నీరు తీశారో, వాగులో ఎంత వదిలారో అదే రోజు ఊరందరికీ కనపడాలి. కొత్త గన్, చదును చేసిన వాలు, స్వయంచాలక పంపు వల్ల మిగిలిన నీటిలో మొదటి వాటా వాగుదని అనుమతి పత్రంలోనే రాయాలి. కొత్త వాలు కోసం పైఅడవిలో చెట్టు కొట్టకూడదు.

సుధ: మొదటిది రేపే ఒప్పుకుంటాను. రెండోది వినడానికి కష్టంగా ఉన్నా న్యాయమే. పొదుపు పేరు చెప్పి రాయితీ తీసుకున్నప్పుడు, ఆ పొదుపు ఎవరిదని అడిగే హక్కు ప్రజలకుంది. మూడోది ఒప్పుకోను. చలి పైకి జరుగుతోంది. కింది వాలులను వదిలేసి వాటిని అడవికి ఇచ్చి, పైన కొంత తెరవకపోతే ఊరు బతకదు. కింద రెండు హెక్టార్లు విడిచి పైన ఒకటి అడిగితే అది ఆశ కాదు.

మావయ్య: కింద పెరిగే అడవి పైఅడవికి బదులు కాదమ్మా. ఆ పిట్టకు కింది చెట్టుతో పనిలేదు. ఇక్కడ మనం కలవం.

సుధ: కలవకపోయినా నాదీ ఒక షరతు. వాగు లెక్క పక్కనే ఊరి లెక్క కూడా పెట్టాలి. గన్ ఆపమనేవాళ్ళు, రాత్రి రెండింటికి మైనస్ 15లో ఆ గన్లు మార్చే మనుషులకు ప్రత్యామ్నాయం ఏమిటో అదే కాగితం మీద రాయాలి.

మావయ్య: అది న్యాయం. రాద్దాం. అయితే రాసే వరస మాత్రం ఇలా ఉండాలి. వాగుకు ఎంత కావాలో మొదటి వరసలో, ఊరికి ఎంత కావాలో రెండో వరసలో, మంచుకు ఎంత మిగిలిందో మూడో వరసలో. ఇప్పటిదాకా మీ డిజైన్లన్నీ మూడో వరస నుంచి మొదలవుతున్నాయి.

సుధ: వరస మారిస్తే కొన్ని పనులు లెక్కకు నిలవవు మావయ్యా.

మావయ్య: నిలవని పనులేవో ఈ వేసవిలోనే తెలియాలి. కాంక్రీటు పోశాక తెలిస్తే దాని బరువు వాగే మోయాలి.